మోచేతి దాకా

ఆదోని ఆసుపత్రి కొళాయి
వారానికొక పొద్దు నిజం చెప్తాది.
మిగిలిన దినాలు నీలం డ్రమ్ము, చెవి ఇరిగిన మగ్గు.
నేను చేతులు కడుక్కోవల్లంటే ఇంకొకరు నీళ్ళు వంచల్ల.
వంచేది ట్రైనింగు పిల్ల షాహినా.
"ఇంకెంతసేపు సిస్టరమ్మా, అడుగు కనపడతాంది" అంటాది.
వంచు మే, అంటా.
గోళ్ళ సందు, వేళ్ళ సందు, బొటనవేలి మొదలు,
మణికట్టు, ఆడినుంచి మోచేతి దాకా.

పోయిన బేస్తవారం తెల్లారుజామున
ఉరుకుందమ్మను ఆటోలో తెచ్చిరి.
మంగళవారం మాపునే ఉమ్మనీరు పోయిందంట,
పత్తి ఇడిపిస్తా ఉంటే, సాలు మధ్యలో.
నొప్పులు రాలేదు కదా అని కూచున్యారంట.
ఎవరో చెయ్యి పెట్టి చూసినారంట.
మళ్ళా ఇంకెవరో.

గడప దాటకముందే నాకు తెలిసిపోయ.
ఉమ్మనీటికి ఒక వాసన ఉంటాది,
జొన్న పాలకంకి చిదిపినట్ల.
ఇది అది కాదు.
ముప్పై ఏండ్ల నుంచి
థర్మామీటరు కంటే ముందు నా ముక్కు చెప్తాది.
నూట మూడు. నాడి నూట ముప్పై.
కడుపు మీద చెయ్యేస్తే ఉలిక్కిపడె.
లోపల బిడ్డ గుండె
బయట గడియ పెట్టిన తలుపును కొట్టినట్ల
కొడతానే ఉంది.

సెలైను పెడితి. డాక్టరమ్మ వచ్చె. సూదులు మూడు రకాలు.
వాళ్ళత్త నా కోటు పట్టుకుని
"గాలి సోకిందేమో తల్లీ" అనె.
సోకింది, నిజమే.
గాలి కాదు అని చెప్పేదానికి టైము లేదు.

మాయమ్మకూ గాలే సోకిందన్యారు.
ఆస్పరి పక్క పల్లె. నేను పుట్టిన ఐదో దినం.
కాన్పు చేసింది మా అవ్వ సుంకులమ్మ, కన్నతల్లే.
చుట్టూ మూడూర్లలో ఆమె చేతివాసికి పేరు.
కూలి రెండు సేర్ల జొన్నలు, ఒక రైక గుడ్డ.
ఆ పొద్దు మాయ సగమే పడింది.
మిగిలిన ముక్క కోసం అవ్వ చెయ్యి పెట్టి దేవింది.
మూడో దినం చలి,
నాలుగో దినం ఎవరెవరినో పిలిచిందంట, నన్ను తప్ప.
నాకు అప్పటికి పేరు లేదు కదా.

మాయ అని ఎవరు పేరు పెట్టినారో గాని,
కడుపులో ఉన్నన్నాళ్ళు బిడ్డకు బువ్వ,
ముక్క మిగిలితే తల్లికి మిత్తి.

కర్నూల్లో, నర్సు ట్రైనింగులో, బోర్డు మీద రాసిరి:
బాలింత జ్వరం. ఎట్లొస్తాది? చేతుల నుంచి.
ఆ పూట మెస్సులో అన్నం పోలే.
సెలవుకు పోయి అవ్వను అడిగేస్తి,
కడుక్కున్యావా ఆ పొద్దు, అని.

అవ్వ చానాసేపు పలకలే.
చాటలో రాళ్ళేరేది కూడా నిలిపె.
"చెంబుడే ఉన్యాయి నీళ్ళు.
బావి మైలు. ఎండాకాలం. చీకటి.
మీయమ్మ దప్పి దప్పి అనె.
తాపితి."

ఆ తర్వాత ఎవరు పిలిచినా అవ్వ కాన్పుకు పోలే.
అడక్కుండా ఉంటే బాగుండు అనుకుంటా కొన్నిసార్లు.
కొన్నిసార్లు, అడిగిందే మేలనీ.

ఉరుకుందమ్మకు ఆడబిడ్డ పుట్టె.
ముందు ఏడవలే. తర్వాత పిల్లికూన మాదిరి ఒక్క ముక్క.
ఇద్దరినీ 108 ఎక్కించి పెద్దాసుపత్రికి పంపితిమి,
నూరు కిలోమీటర్లు.
నిన్న వాళ్ళాయన ఫోన్ చేసె:
ఆమెకు జ్వరం దిగిందంట.
బిడ్డ ఇంకా అద్దాల పెట్టెలోనే.
అంతకంటే నాకూ తెలీదు.

ఇప్పుడు లోపల ఇంకొకామె అరుస్తాంది.
డ్రమ్ము ఒట్టిపోయ. ట్యాంకరు రాలే.
షాహినా మూల నుంచి బిందె పట్టుకుని నిలబడింది,
"ఇవి తాగేదానికి పెట్టినవి సిస్టరమ్మా."

నా చేతులు గాల్లోనే ఉన్యాయి, సబ్బు ఆరతా.

సగం ఆమెకు ఉంచు, అంటి.
సగం వంచు.